ఇంటి ముంగిట కారు టైర్ల పరీక్ష: అరుగుదలను, దెబ్బలను గుర్తించడం ఎలా?

కారు బరువును, అందులో కూర్చున్న కుటుంబాన్ని నేలకు ఆనించి ఉంచేవి నాలుగు టైర్లు మాత్రమే. ఒక్కొక్క టైరు నేలను తాకే చోటు మన అరచేయంత ఉంటుంది. బ్రేకు ఎంత మంచిదైనా, డ్రైవరు ఎంత అనుభవజ్ఞుడైనా, ఆ అరచేతి వెడల్పు పట్టు మీదనే ఆధారపడాలి. అయినా మనం కారు కడిగేటప్పుడు అద్దాలను తుడిచినంత శ్రద్ధగా టైర్లను చూడము. గాలి ఉన్నదా లేదా అని కాలితో ఒక తన్ను తన్ని ఊరుకుంటాము.

కొన్నేళ్ళ క్రితం ఒక పెళ్ళికి బయలుదేరి, హోసూరు నుంచి కృష్ణగిరి వైపు జాతీయ రహదారి మీద వెళుతుండగా, మా బంధువుల కారు ఎడమ వెనుక టైరు పగిలింది. కారు అటూ ఇటూ ఊగి రోడ్డు అంచున ఆగింది. దైవకృపవల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ ఉదయమే మేము నలుగురం ఆ టైర్లను చూశాము. కడిగిన టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి, గాడులు లోతుగా ఉన్నాయి. పంక్చరు అంగడి పెద్దాయన టైరును విప్పి, తిప్పి, లోపలివైపు ముఖాన్ని మాకు చూపించాడు. పగిలిన చోట అంచులన్నీ పాతబడి ఉన్నాయి. "ఇది ఈ రోజుది కాదయ్యా. ఎప్పుడో గుంటలో పడినప్పుడే ఉబ్బింది. మీరు బయటివైపే చూసుకుంటూ వచ్చారు" అన్నాడు. ఆ మాటే ఈ వ్యాసానికి మూలం. టైరులో సగభాగం నిలబడినవారి కంటికి కనిపించదు. ఆ కనిపించని సగాన్ని కూడా నెలకొకసారి చూడటం ఎలాగో ఇక్కడ వివరిస్తాను. ఇందుకు మెకానిక్కు అక్కరలేదు, జాకీ కూడా అక్కరలేదు.

ఎప్పుడు చూడాలి? ఏమేమి కావాలి?

నెలకు ఒకసారి, దూర ప్రయాణానికి ముందురోజు ఒకసారి, పెద్ద గుంటలోనో రాతి అంచు మీదనో చక్రం గట్టిగా పడిన తరువాత ఒకసారి చూడాలి. ఉదయం వేళ మంచిది. అప్పటికి టైర్లు చల్లబడి ఉంటాయి, వెలుతురు ఏటవాలుగా పడుతుంది కాబట్టి పగుళ్ళు బాగా కనిపిస్తాయి.

కావలసినవి: గాలి కొలిచే చిన్న గేజి, ఒక టార్చిలైటు, పిల్లల జామెట్రీ పెట్టెలోని స్కేలు, ఒక అగ్గిపుల్ల, సుద్దముక్క, సబ్బునీళ్ళు, చేతికి చుట్టుకోవడానికి మందపాటి గుడ్డ. బాగా అరిగిన టైరులో లోపలి ఉక్కు తీగలు బయటికి పొడుచుకొని రావచ్చు. అవి సూదివలె గుచ్చుకుంటాయి కనుక వట్టి చేతితో తడమరాదు.

కారును చదునైన నేల మీద నిలపండి. హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆపి, గేరులో ఉంచి, చక్రాలకు ముందూ వెనుకా రాళ్ళు అడ్డం పెట్టండి. ముందు చక్రాలను చూడటానికి స్టీరింగును పూర్తిగా ఒకవైపు తిప్పితే టైరు ముఖం, లోపలి పక్క బయటికి వస్తాయి. ఆపై రెండోవైపు తిప్పి రెండో చక్రాన్ని చూడండి. వెనుక చక్రాల లోపలి పక్కను కారు వెనుకనుంచి వంగి టార్చి వేసి చూడాలి. నేలకు ఆనిన భాగం కనిపించదు కనుక టైరు మీద సుద్దతో ఒక గీత గీసి, రాళ్ళు తీసి, కారును సగం చుట్టు ముందుకు నడిపి, మళ్ళీ రాళ్ళు పెట్టి మిగిలిన సగం చూడండి. జాకీ మీద ఎత్తిన కారు కిందికి తల, చేయి ఏ కారణంచేతనూ పెట్టవద్దు.

మొదటి పరీక్ష: గాలి

టైర్లు పాడవడానికి ముఖ్యకారణం గాలి తక్కువ కావడం. గాలి తగ్గిన టైరు తిరిగిన ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగి లేస్తుంది. ఆ వంగడంలో వేడి పుడుతుంది. ఎండాకాలంలో మన బళ్ళారి, అనంతపురం ప్రాంతాల రోడ్లు అసలే కాలుతుంటాయి. పైగా ఐదుగురి కారులో ఏడుగురు, డిక్కీ నిండా సామాను. ఈ మూడూ కలిసినప్పుడు లోపలి దారాల అల్లికకు, రబ్బరుకు మధ్య పట్టు విడిపోయి టైరు పగులుతుంది. ఎండలో టైర్లు పేలితే గాలి ఎక్కువైందని చాలామంది అనుకుంటారు. తరచుగా కారణం దానికి విరుద్ధంగా ఉంటుంది.

ఎంత గాలి పట్టించాలో డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్తంభం మీది చీటీలో రాసి ఉంటుంది. కొన్ని కార్లలో అది పెట్రోలు మూత లోపలివైపు ఉంటుంది. చిన్న కార్లకు సాధారణంగా 30 నుంచి 35 పి.ఎస్.ఐ. మధ్య ఉంటుంది. ముగ్గురు ఉన్నప్పుడు ఒక అంకె, నిండు బరువుతో వెళ్ళేటప్పుడు మరొక అంకె ఇచ్చి ఉండవచ్చు. టైరు మీదనే అచ్చువేసి ఉండే పెద్ద అంకె ఆ టైరు భరించగల గరిష్ఠ పీడనం మాత్రమే. అంత గాలి పట్టించమని దాని అర్థం కాదు.

కొలత ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే తీయాలి. కారు కనీసం మూడు గంటలు నిలిచి ఉండాలి, లేదా రెండు కిలోమీటర్లకు మించి నడిచి ఉండకూడదు. దూరం నడిచిన టైరులో పీడనం నాలుగైదు పి.ఎస్.ఐ. పెరగడం సహజం. ఆ పెరుగుదలను చూసి భయపడి గాలి తీసివేస్తే, చల్లబడిన తరువాత ఆ టైరు గాలి తక్కువైన టైరు అవుతుంది. వాతావరణం 10 డిగ్రీలు చల్లబడితే పీడనం సుమారు ఒకటిన్నర పి.ఎస్.ఐ. తగ్గుతుంది. పంక్చరు లేకపోయినా నెలకు ఒకటి రెండు పి.ఎస్.ఐ. తగ్గుతూనే ఉంటుంది. అందుకే నెలకొకసారి చూడాలనడం.

కంటితో చూసి గాలిని అంచనా వేయలేము. ఇప్పటి రేడియల్ టైర్ల అడుగు భాగం సరిపడా గాలి ఉన్నా కొంచెం ఉబ్బినట్టే కనిపిస్తుంది, గాలి బాగా తగ్గినా అట్లాగే కనిపిస్తుంది. కాలితో తన్ని తెలుసుకోవడం ఇంకా అసాధ్యం. కనుక ఇంట్లో ఒక గేజి ఉండాలి. కొన్ని కొత్త కార్లలో గాలి తగ్గితే డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది. అది మంచిదే, అయితే చాలా కార్లలో ఆ దీపం వెలిగే వేళకు గాలి అప్పటికే బాగా తగ్గి ఉంటుంది. దీపం ఉన్నా గేజి మానకూడదు.

గాలి కొలిచాక వాల్వు మీద ఒక చుక్క సబ్బునీళ్ళు వేయండి. బుడగలు లేస్తే వాల్వు కారుతున్నది. రబ్బరు వాల్వును మెల్లగా పక్కకు వంచి, మొదలులో పగుళ్ళున్నాయేమో చూడండి. వాల్వు మూత పోయి ఉంటే కొత్తది పెట్టండి. దుమ్ము, బురద లోపలికి పోకుండా ఆపేది ఆ చిన్న మూతే.

రెండవ పరీక్ష: గాడుల లోతు

టైరు మీది గాడులు అందానికి పెట్టినవి కావు. వాన పడిన రోడ్డు మీద చక్రానికి, రోడ్డుకు మధ్య చేరే నీటిని పక్కలకు తోసివేయడం వాటి పని. గాడులు అరిగిపోతే ఆ నీరు పోవడానికి దారి ఉండదు. వేగంలో చక్రం రోడ్డును వదలి నీటిపొర మీద తేలుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా కారు వినదు. పొడి రోడ్డు మీద నున్నటి టైరు కూడా బాగానే పట్టుకున్నట్టు తోస్తుంది. అందుకే వేసవి అంతా మోసపోయిన యజమాని తొలకరి వానకు దొరికిపోతాడు.

కొత్త కారు టైరులో గాడి లోతు సుమారు 7 లేక 8 మిల్లీమీటర్లు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 94వ నిబంధన ప్రకారం కార్లకు, అంతకంటె పెద్ద వాహనాలకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు ఈ హద్దు 0.8 మిల్లీమీటర్లు. ఇది కేంద్ర నిబంధన కనుక మన ఊరి పొలిమేర దాటి కర్ణాటకకు వెళ్ళినా, తమిళనాడుకు వెళ్ళినా, ఒడిశాకు వెళ్ళినా, మహారాష్ట్రకు వెళ్ళినా ఒక్కటే.

ఈ హద్దును కంటితోనే గుర్తించే ఏర్పాటు టైరులోనే ఉంది. లోతైన గాడుల అడుగున, కొంత ఎడంలో, అడ్డంగా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. పొలంలో కాలువకు అడ్డంగా వేసిన గట్టువలె ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. ఎక్కడున్నాయో వెతకడానికి టైరు భుజం మీద చిన్న త్రికోణమో, టి.డబ్ల్యు.ఐ. అనే అక్షరాలో ఉంటాయి. ఆ గుర్తుకు ఎదురుగా గాడిలోకి చూడండి. గట్టు పైభాగం, టైరు పైభాగం సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టే.

సరైన కొలత కావాలంటే అగ్గిపుల్లను గాడిలో నిలువుగా దించి, టైరు పైమట్టం దగ్గర గోటితో నొక్కి గుర్తు పెట్టి, స్కేలు పక్కన పెట్టి చూడండి. అడ్డగట్టు మీద మాత్రం పుల్ల పెట్టరాదు. స్కేలును నేరుగా గాడిలో దించితే తప్పు వస్తుంది. బడిపిల్లల స్కేళ్ళలో సున్న గీత చాలావరకు అంచు మీద కాక కొంచెం లోపలికి ఉంటుంది. తరగతిలో పిల్లలు తరచుగా చేసే పొరపాటు కూడా ఇదే. ప్రతి టైరుకు బయటి అంచున, మధ్యన, లోపలి అంచున, చుట్టూ మూడు నాలుగు చోట్ల కొలవాలి. అన్నింటిలోకి తక్కువ వచ్చిన అంకెనే ఆ టైరు లోతుగా భావించాలి.

చట్టం చెప్పిన 1.6 ఆఖరి హద్దు మాత్రమే. తడి రోడ్డు మీద పట్టు అంతకు చాలా ముందే తగ్గుతుంది. కనుక వానాకాలానికి ముందు లోతు 3 మిల్లీమీటర్లకు చేరిందని తేలితే కొత్త టైర్లకు డబ్బు కూడబెట్టడం మొదలుపెట్టండి.

మూడవ పరీక్ష: అరిగిన తీరు

టైరు ఎంత అరిగిందనే దానితోపాటు, ఎక్కడ అరిగిందో కూడా చూడాలి. వైద్యుడు నాలుక చూసి జబ్బు చెప్పినట్టు, అరుగుదల తీరును చూసి కారులోని లోపాన్ని చెప్పవచ్చు.

1. రెండు అంచులూ అరిగి మధ్య భాగం బాగుంటే: గాలి చాలాకాలంగా తక్కువగా ఉన్నది, లేదా బరువు ఎక్కువగా వేస్తున్నారు.

2. మధ్య భాగం అరిగి అంచులు బాగుంటే: గాలి ఎక్కువగా పట్టిస్తున్నారు.

3. ఒక అంచు మాత్రమే అరిగితే: చక్రాల వరుస తప్పింది. వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. చాలాసార్లు లోపలి అంచే అరుగుతుంది. నిలబడి చూసేవారికి బయటి అంచు కొత్తగానే కనిపిస్తుంది కనుక ఇది అన్నింటికంటె మోసకరమైనది.

4. గుడ్డ చుట్టిన చేతిని టైరు మీద ఒకవైపు నుంచి రెండోవైపుకు నిమిరితే నున్నగా, వెనక్కి నిమిరితే గరుకుగా రంపపు పళ్ళవలె తగిలితే: ఇది కూడా వరుస తప్పిన గుర్తే.

5. చుట్టూ అక్కడక్కడ గుంటలు పడినట్టు అరిగితే: షాక్ అబ్జార్బర్లు బలహీనపడ్డాయి, లేదా చక్రం సమతూకం తప్పింది. చక్రపు అంచుకు అతికించే సీసపు ముక్క ఊడిపోయినా ఇట్లా జరుగుతుంది. స్టీరింగు వణకడం దీనికి తోడు గుర్తు.

6. ఒకేచోట పెద్ద మచ్చగా అరిగితే: ఎప్పుడో చక్రం తిరగకుండా బ్రేకు మీద జారింది.

కారణాన్ని సరిచేయకుండా టైరును మాత్రం మారిస్తే కొత్త టైరు కూడా అదే తీరున అరుగుతుంది. అరుగుదల సమంగా ఉండటానికి 8 నుంచి 10 వేల కిలోమీటర్లకు ఒకసారి టైర్లను ముందు నుంచి వెనుకకు, వెనుక నుంచి ముందుకు మార్పించుకోవాలి. ఏ వరుసలో మార్చాలో కారు పుస్తకంలో బొమ్మ ఉంటుంది. పక్కన బాణం గుర్తు ఉన్న టైర్లు ఆ దిశలోనే తిరగాలి, కనుక వాటిని సాధారణంగా ఒకే పక్కన ముందువెనుకలుగా మాత్రమే మారుస్తారు.

నాలుగవ పరీక్ష: పక్క భాగాలు

టైరు పక్క భాగం ముఖభాగంకంటె పలుచన. దాని బలమంతా లోపల ఉన్న దారాల అల్లికలో ఉంది. చక్రం వేగంగా గుంటలో పడినప్పుడు పక్క భాగం గుంట అంచుకు, ఇనుప చక్రానికి మధ్య నలుగుతుంది. దారాలు తెగుతాయి. పైన రబ్బరు మాత్రం చెక్కుచెదరకుండా ఉండవచ్చు. దారాలు తెగిన చోట లోపలి గాలి రబ్బరును బయటికి నెట్టుతుంది. అదే ఉబ్బు. మొదట చింతగింజంత ఉండి, తరువాత నిమ్మకాయంత కావచ్చు. ఉబ్బిన టైరుకు వైద్యం లేదు. లోపల అతుకు వేయించినా, ట్యూబు వేయించినా తెగిన దారాలు కలవవు. ఆ టైరును ఆ రోజే తీసివేయాలి. ఉబ్బు కనిపించిన టైరు సరైన స్థితిలో లేనట్టేనని పైన చెప్పిన 94వ నిబంధన కూడా అంటున్నది.

ఉబ్బుకు, సొట్టకు తేడా తెలుసుకోవాలి. రేడియల్ టైర్ల పక్క భాగంలో నిలువుగా, సన్నగా లోపలికి నొక్కుకున్న గీత కొన్నిసార్లు కనిపిస్తుంది. తయారీలో దారాల పొర చివరలు ఒకదానిమీద ఒకటి వచ్చినచోట అది ఏర్పడుతుంది. లోపలికి ఉన్న అటువంటి గీతకు భయపడనక్కరలేదు. బయటికి వచ్చినదేదైనా ప్రమాదమే. చూపుకు అందకపోతే వేళ్ళతో చుట్టూ మెల్లగా తడిమితే తెలుస్తుంది. మా బంధువుల కారులో ఆ ఉదయం ఎవరైనా వెనుకనుంచి వంగి, లోపలి పక్కను ఒక్కసారి తడిమి ఉంటే సరిపోయేది.

కోతలు ఉంటే వాటిని మెల్లగా విప్పి లోపల ఏమున్నదో చూడండి. నల్లటి రబ్బరే కనిపిస్తే పైగీత కావచ్చు. దారాలో, తీగలో కనిపిస్తే టైరు మార్చవలసిందే. సన్నని పగుళ్ళు వల అల్లినట్టు కనిపిస్తే రబ్బరు ఎండిపోయి ముసలిదవుతున్నదని గుర్తు. ఎండలో నెలల తరబడి కదలకుండా నిలిపిన కార్లలో ఇవి ఎక్కువ. గాడుల అడుగున కూడా పగుళ్ళుంటాయి, అక్కడ తప్పక చూడండి.

పనిలో పనిగా ఇనుప చక్రం అంచు కూడా చూడండి. అంచు వంగితే గాలి కొద్దికొద్దిగా పోతుంది. అల్లాయ్ చక్రానికి పగులు వస్తే వెల్డింగుకు పోకుండా మార్చడమే క్షేమం.

ఐదవ పరీక్ష: ముళ్ళు, మేకులు, రాళ్ళు

మన సరిహద్దు పల్లెల దారుల్లో మేకులకంటె ముళ్ళే ఎక్కువ. మనం సర్కారు తుమ్మ అనే చెట్టును కన్నడిగులు బళ్ళారి జాలి అంటారు, తమిళులు సీమైకరువేలం అంటారు. పేరు ఏదైనా ముల్లు ఒక్కటే. కంచె కొట్టిన కాలంలో దారి మీద పడిన దాని కొమ్మలను దాటిన తరువాత టైర్లను ఒకసారి చూసుకోవాలి.

గాడుల్లో ఇరుక్కున్న గులకరాళ్ళను మొద్దుగా ఉన్న స్క్రూడ్రైవరుతో తీసివేయండి. మేకో ముల్లో లోతుగా దిగి ఉంటే మాత్రం ఇంటి దగ్గర లాగకండి. ట్యూబు లేని టైరులో ఆ మేకే రంధ్రాన్ని మూసి ఉంచుతుంది. లాగితే గాలి పోతుంది. సబ్బునీళ్ళు వేసి బుడగలు వస్తున్నాయేమో చూసి, సుద్దతో గుర్తు పెట్టి, గాలి కొలిచి, మెల్లగా పంక్చరు అంగడికి తీసుకుపోవాలి. గాలి బాగా పోయి ఉంటే నడపకుండా స్టెప్నీ వేసుకోవాలి. గాలి లేని టైరుమీద అరకిలోమీటరు నడిపినా పక్క భాగం లోపల నలిగి నాశనమవుతుంది. అప్పుడు 100 రూపాయల పని వేల రూపాయల పని అవుతుంది.

ఏ రంధ్రానికి అతుకు చెల్లుతుంది? ముఖభాగం మధ్యలో, సుమారు 6 మిల్లీమీటర్లకు మించని రంధ్రానికి చెల్లుతుంది. భుజం దగ్గరగాని, పక్క భాగంలోగాని రంధ్రం పడితే చెల్లదు. బయటినుంచి పొడిచి పెట్టే రబ్బరు తాడు దారిలో గట్టెక్కడానికి పనికివస్తుంది. వీలైనప్పుడు టైరును విప్పించి, లోపలివైపు చూపించి, లోపలి నుంచి అతుకు వేయించుకోవడం శ్రేష్ఠం. విప్పినప్పుడే లోపల నలిగిందా లేదా అనేది తెలుస్తుంది.

ఆరవ పరీక్ష: వయసు

టైరు నడవకపోయినా ముసలిదవుతుంది. గాడులు నిండుగా ఉండి కూడా రబ్బరు గట్టిపడి ఉండవచ్చు. కొన్న తేదీని పట్టి కాక, తయారైన తేదీని పట్టి వయసు లెక్కించాలి. టైరు పక్కన డి.ఓ.టి. అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు వారం, తరువాతి రెండు సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం, అనగా జూన్ నెల. ఈ నాలుగంకెలు చాలా టైర్లకు ఒక పక్కనే ఉంటాయి. బయట కనిపించకపోతే లోపలి పక్కన చూడండి. చివర మూడంకెలే ఉంటే అది 2000కు ముందు తయారైన టైరు. దానిని వాడనే వాడరాదు.

ఐదేళ్ళు దాటిన టైరును ఏడాదికొకసారి తెలిసినవారిచేత విప్పించి చూపించాలి. పదేళ్ళు దాటినది చూపుకు ఎంత బాగున్నా మార్చాలి. కొన్ని కార్ల కంపెనీలు ఆరేళ్ళకే మార్చమంటాయి. మీ కారు పుస్తకంలో ఏమున్నదో చూసుకొని దానినే పాటించండి.

టైరు మీది మిగిలిన రాతను కూడా చదవడం నేర్చుకుంటే కొనేటప్పుడు మోసపోము. 165/80 ఆర్ 14 85 టి అని ఉంటే: వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 80 శాతం, ఆర్ అనగా రేడియల్, చక్రపు వ్యాసం 14 అంగుళాలు, 85 అనే బరువు అంకెకు అర్థం ఒక్కొక్క టైరు 515 కిలోలు మోయగలదని, టి అనగా గరిష్ఠ వేగం గంటకు 190 కిలోమీటర్లు. ఆ 515 కిలోలు గాలి సరిగా ఉన్నప్పటి మాట. గాలి తగ్గితే మోసే శక్తి తగ్గుతుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదో లేదో కూడా చూడండి.

ఏడవ పరీక్ష: స్టెప్నీ

స్టెప్నీ అనే మాట మనకు తెలుగు మాటంత అలవాటైపోయింది. అది వేల్స్ దేశంలోని లనెల్లి పట్టణంలో ఉన్న ఒక వీధి పేరు. డేవిస్ సోదరులు 1904 ప్రాంతంలో అక్కడ అదనపు చక్రాలను తయారుచేసి అమ్మారు. వీధి పేరే చక్రానికి పేరై మన ఊళ్ళదాకా వచ్చింది.

పేరు నోటిలో ఉన్నా చక్రం మాత్రం మన జ్ఞాపకంలో ఉండదు. ఆనాడు రహదారి పక్కన మా బంధువులు డిక్కీలోని సామానంతా దించి స్టెప్నీ తీస్తే, అందులో గాలి లేదు. పెళ్ళివారి దుస్తుల్లో ఉన్న మగవాళ్ళు దానిని దొర్లించుకుంటూ గాలి అంగడి వెతుక్కుంటూ వెళ్ళారు. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు లారీల పక్కన ఎండలో నిలబడ్డారు. టైరు పగలడంకంటె ఆ గంటసేపు ఎక్కువ ప్రమాదమని ఇప్పుడు తోస్తుంది.

కనుక నాలుగు టైర్లను చూసిన రోజునే ఐదవదాన్ని కూడా బయటికి తీసి గాలి, గాడులు, తయారీ తేదీ చూడాలి. జాకీ, పానా ఉన్నాయా, నట్లు తిరుగుతున్నాయా చూసుకోవాలి. స్టెప్నీ మిగిలినవాటికంటె సన్నగా ఉంటే అది తాత్కాలికపు చక్రం. సాధారణంగా దానిమీద గంటకు 80 కిలోమీటర్లు మించరాదని రాసి ఉంటుంది. ట్యూబు లేని టైర్లు, గాలి హెచ్చరిక ఏర్పాటు, మరమ్మతు సామగ్రి ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో నిబంధన సవరించారు. మీ కారు అటువంటిదైతే ఆ సామగ్రి ఎక్కడుందో ఇప్పుడే తెలుసుకోండి.

టైరు మార్చవలసి వస్తే

కొత్త టైర్లు జతగా కొనడం మంచిది. రెండే కొంటే ఆ కొత్తవి వెనుక వేయించాలని టైరు తయారీదారుల సలహా. ముందు వేయాలని చాలామంది పట్టుబడతారు. కాని తడి రోడ్డు మీద వెనుక చక్రాలు పట్టు తప్పితే కారు వెనుకభాగం పక్కకు తిరిగిపోతుంది. దానిని అదుపు చేయడం సామాన్య డ్రైవరుకు కష్టం.

చౌకగా వస్తాయని పాత టైర్లను కొనకండి. అరిగిన కారు టైరులో వేడి కత్తితో గాడులను లోతుగా కోసి కొత్తదానివలె అమ్మేవారు ఉన్నారు. అట్లా కోస్తే లోపలి అల్లికను కప్పి ఉండవలసిన రబ్బరు పోతుంది. గుర్తుపట్టడం సులభమే. గాడుల అడుగున ఆ అడ్డగట్లు ఉండవు, లేదా కోసినట్టు ఉంటాయి. పాత కారు కొనేటప్పుడు కూడా ఐదు టైర్ల తేదీలు చదివి ధర మాట్లాడండి.

చక్రం విప్పి బిగించిన తరువాత 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక నట్లను మళ్ళీ ఒకసారి బిగించి చూసుకోవాలి.

పొలిమేర దాటినప్పుడు

దారిలో గాలి పట్టించుకోవడానికి భాష తెలియక తడబడవద్దు. కన్నడంలో గాళి అంటే గాలి, గాలి అంటే చక్రం. మనం గాలి చూడమంటే వారు చక్రం చూడవచ్చు. తమిళంలో కాత్తు, మరాఠీలో హవా, ఒడియాలో పబన అంటే చాలు. యానాంలో మన తెలుగే చెల్లుతుంది. ఎంత పట్టించాలో అంకెను మాత్రం మీరే చెప్పండి. అంగడివారి అలవాటు అంకెకు వదిలివేయవద్దు.

ఒక నోటుపుస్తకం

చివరగా ఒక సూచన. పిల్లల పాత నోటుపుస్తకంలో మిగిలిన పుటలు చాలు. నెలకొక వరుస: తేదీ, కిలోమీటర్లు, ఐదు టైర్ల గాలి, ఐదు టైర్ల గాడి లోతు. కొలిచే పని పెద్దలు చేసి, రాసే పని పిల్లలకు ఇవ్వండి. ఒక టైరులో మాత్రమే ప్రతినెలా మిగిలినవాటికంటె ఎక్కువ గాలి తగ్గుతుంటే ఆ పుస్తకమే చెబుతుంది. లెక్కలు ఎందుకు నేర్చుకోవాలని అడిగే పిల్లవాడికి అదే జవాబు కూడా.

పుస్తకం మొదటి పుటలో ఈ ఏడు మాటలు రాసి ఉంచండి: గాలి, గాడి, అరిగిన తీరు, పక్కలు, ముల్లు, వయసు, స్టెప్నీ. వాటి కింద ఇంకొక మాట పెద్ద అక్షరాలతో రాయండి: లోపలివైపు కూడా చూశామా? ఈ ప్రశ్నకు అవునని రాసిన తరువాతనే బిడ్డలను, పెద్దలను కారు ఎక్కించండి.